బొమ్మ చూశాక ఏం మారింది?

2021 మే నెలలో తెలుగు ఊళ్లలో పలకరింపే మారిపోయింది. ఫోన్ ఎత్తగానే "ఎంతొచ్చింది?" అనేవారు. పరీక్ష మార్కుల్లా 25కి లెక్క. ఆరు వస్తే హమ్మయ్య, పద్దెనిమిది వస్తే పడకల కోసం పరుగులు. ఊపిరితిత్తులకున్న అయిదు తమ్మెల్లో ఒక్కోదానికి అయిదు చొప్పున వేసే ఆ సీటీ స్కోరు, కోవిడ్ రెండో అలలో డాక్టర్ల గదుల్లోంచి వీధుల్లోకి వచ్చేసింది. దగ్గు మొదలైన మర్నాడే, ఏ డాక్టరూ రాయకుండానే, జనం డయాగ్నస్టిక్ సెంటర్ల ముందు వరస కట్టారు.

లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లు సీటీ జోలికి పోవద్దనీ, ఒక్క సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమనీ మే 3న ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. అది పాతకాలపు లెక్క అని రేడియాలజిస్టుల సంఘం మండిపడింది. ఎవరి అంకె వాళ్లకుంది. ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.02 మిల్లీసీవర్ట్ అనీ, మామూలు ఛాతీ సీటీ ఆరేడు మిల్లీసీవర్ట్‌లనీ అనుకుంటే గులేరియా మాట నిజం. ఎక్స్‌రేని 0.1గా, తక్కువ మోతాదు సీటీని ఒకటిన్నరగా తీసుకుంటే పదిహేను రెట్లే తేలుతుంది. ఈ కొట్లాటలో అసలు సంగతి పక్కకు పోయింది. ఆక్సిజన్ 97 ఉండి ఇంట్లో తిరుగుతున్న మనిషికి స్కోరు నాలుగైనా తొమ్మిదైనా ఆ రోజు చేసే వైద్యం ఒకటే. ఆక్సిజన్ 85కి దిగిపోయిన మనిషికి స్కోరు వచ్చేదాకా ఆగడానికి లేదు. ఆర్టీపీసీఆర్ నెగెటివ్ వచ్చి, ఆయాసం మాత్రం పెరుగుతూ ఉన్నవాళ్లకు ఆ బొమ్మ నిజంగానే దారి చూపింది.

కాబట్టి స్కాన్ మంచిదా చెడ్డదా అన్న తగువులో పస లేదు. అడగవలసింది వేరు. ఆ బొమ్మ చూశాక వైద్యం మారిందా? మారితే రోగికి మేలు జరిగేలా మారిందా? యంత్రం ఎంత ఖరీదైనది, బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చింది అన్నవి ఆ తర్వాతి మాటలు. ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే వైద్య చిత్రాల చరిత్రలో కొన్ని ఘట్టాలు అద్భుతంగా నిలబడతాయి, కొన్ని తేలిపోతాయి.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్‌ కిరణాలను గుర్తించాడు. డిసెంబరు 22న భార్య చేతిని ఫొటో తీశాడు. ఎముకలూ, వేలి ఉంగరమూ కనిపించాయి. పేటెంటు తీసుకోలేదు. అందువల్లే కాబోలు, కొద్ది నెలల్లోనే అనేక దేశాల ఆసుపత్రుల్లో తూటాలు వెతకడానికీ, విరిగిన ఎముకలు చూడడానికీ ఆ కిరణాలు పనిచేయడం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ క్యూరీ ఎక్స్‌రే యంత్రాలను బండ్లకెక్కించి యుద్ధరంగం దగ్గరికే తీసుకుపోయింది, కూతురు ఐరీన్ కూడా తోడు నడిచింది. తూటా ఎక్కడుందో తెలిస్తే సర్జన్ కత్తి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. బొమ్మకూ చికిత్సకూ మధ్య అంత సూటి సంబంధం ఆ తర్వాత అన్నిచోట్లా దొరకలేదు.

మెదడు దగ్గర ఎక్స్‌రే ఓడిపోయింది. పుర్రె ఎముక కనిపిస్తుంది, లోపలి గడ్డ కనిపించదు. దాని కోసం డాక్టర్లు పడిన పాట్లు, రోగులను పెట్టిన పాట్లు ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. నడుములో సూది గుచ్చి, వెన్నుద్రవం కొంత తీసి, దాని స్థానంలో గాలి ఎక్కించేవారు. ఆ గాలి మెదడు గదుల్లోకి చేరాక రోగిని అటూ ఇటూ తిప్పుతూ ఎక్స్‌రేలు తీసేవారు. భరించలేని తలనొప్పి, వాంతులు. ఆ హింసకు తెరదించినవాడు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు. ఆయన డాక్టరు కాదు, ఈఎంఐ అనే గ్రామఫోన్ రికార్డుల కంపెనీ ఉద్యోగి. 1971 అక్టోబరు 1న లండన్ శివార్లలోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో గడ్డ ఉందని అనుమానమున్న ఒక మహిళను ఆయన యంత్రంలో పడుకోబెట్టారు. బొమ్మ 80 చుక్కల వెడల్పు, 80 చుక్కల పొడవు, అంతే. ఈనాటి ఫోన్ తెరతో పోలిస్తే ఏ మూలకూ రాదు. కానీ గడ్డ ఎక్కడుందో చూపింది, సర్జన్ అక్కడే దాన్ని కనుగొన్నాడు. బీటిల్స్ పాటల డబ్బుతో సీటీ స్కాన్ పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, బ్రిటిష్ ప్రభుత్వ ఆరోగ్యశాఖ పెట్టిన సొమ్మును ఆ కథ మింగేసింది. ఈ లెక్కల వెనకున్న గణితాన్ని విడిగా సాధించిన అలన్ కార్మాక్‌తో కలిసి హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ అందుకున్నాడు.

అల్ట్రాసౌండ్ కథ ఇంకా సాదాసీదాది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు 1955లో బాయిలర్లు చేసే కర్మాగారానికి కొన్ని కణితులను తీసుకెళ్లాడు. లోహంలో పగుళ్లు పట్టే శబ్దతరంగాల పరికరం మాంసంలో తేడా పట్టగలదా అని చూడాలని. పట్టింది. ఆ రోజుల్లో ఆయన దగ్గరికి వచ్చిన ఒక మహిళకు కడుపులో నయంకాని క్యాన్సరని తేల్చేసి ఉన్నారు. డొనాల్డ్ యంత్రం అది నీటితో నిండిన పెద్ద అండాశయ తిత్తి అని చూపింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆమె బతికింది. 1958లో 'లాన్సెట్' పత్రికలో ఈ పని అచ్చయింది. ఇవాళ మండల కేంద్రంలో కూడా దొరికే 'కడుపు స్కానింగ్'కు వంశమూలం అదే.

ఎమ్మారై వెనక పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఉన్నారు. 2003 నోబెల్ ఇద్దరికీ వచ్చింది. 1977లోనే మనిషి ఒంటిని స్కాన్ చేసిన రేమండ్ డమేడియన్‌కు రాలేదు. ఆయన పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి మరీ పోట్లాడాడు. ఆ తగువును అటుంచితే, రోగికి తెలియాల్సింది ఇంతే. ఎక్స్‌రే, సీటీ రేడియేషన్‌తో పనిచేస్తాయి. ఎముక, గాలి, రక్తస్రావం చూడడంలో దిట్టలు. అల్ట్రాసౌండ్, ఎమ్మారైలలో ఆ రేడియేషన్ లేదు. మెదడు, వెన్నుపాము, కీళ్లు, కండర స్నాయువులకు ఎమ్మారైని మించినది లేదు. ఆకారం కాక, కణాల పనితీరు చూడాలంటే పెట్ స్కాన్. ఒకటి మరోదానికంటే 'పెద్ద టెస్టు' కాదు. పిత్తాశయంలో రాళ్లకు చవకైన అల్ట్రాసౌండే ముందు చేయదగింది.

బొమ్మ వైద్యాన్ని తలకిందులు చేసిన చోటు పక్షవాతం. మూతి వంకరపోయి, చేయి పడిపోయిన మనిషి మెదడులో రెండింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు, లేదా నాళం చిట్లి రక్తం కారి ఉండవచ్చు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఎంత పేరున్న డాక్టరైనా నాడి పట్టి, కళ్లు చూసి కచ్చితంగా చెప్పలేడు. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. అదే ఇంజెక్షన్ రక్తస్రావం ఉన్నవాడికిస్తే ప్రాణం తీస్తుంది. ఈ చిక్కుముడిని నిమిషాల్లో విప్పేది సీటీ. కారిన రక్తం అందులో వెంటనే తెల్లగా మెరుస్తుంది. గడ్డ వల్ల చచ్చిపోతున్న భాగం తొలి గంటల్లో అంత స్పష్టంగా కనిపించదు. అయినా ఫరవాలేదు, రక్తం లేదని తేలడమే అప్పుడు కావలసిన జవాబు. 1995లో అమెరికాలో 624 మందిపై జరిగిన పరిశోధన, లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు ఆ ఇంజెక్షన్ ఇస్తే మేలని చూపింది. 2008లో యూరప్ పరిశోధకులు ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచారు.

నాలుగున్నర గంటలు దాటితే? రాత్రి పడుకుని, తెల్లారి లేచేసరికి చేయి కదలని మనిషి మాటేమిటి? ఆయనకు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. చాలాకాలం అలాంటివాళ్లను పక్కన పెట్టేశారు. తర్వాత రెండు మార్పులొచ్చాయి. గజ్జల దగ్గరి నాళంలోంచి సన్నని తీగను ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ మెదడు దాకా నడిపి, గడ్డను లాగేసే పద్ధతి పెద్ద నాళాల్లోని గడ్డలకు పనిచేస్తుందని 2015 నాటికి నెదర్లాండ్స్ పరిశోధన రుజువు చేసింది. రెండోది బొమ్మలో వచ్చిన మార్పు. రక్తం ఆగిన మెదడంతా ఒకేసారి చనిపోదు. నడిమి భాగం ముందు పోతుంది, చుట్టూ ఉన్న భాగం ఆకలితో కొట్టుకుంటూ కొంతసేపు బతికి ఉంటుంది. రక్తప్రవాహాన్ని లెక్కగట్టే సీటీ, ఎమ్మారై పద్ధతులు పోయిందెంత, దక్కించుకోగలిగిందెంత అని విడదీసి చూపుతాయి. 2018లో వెలువడిన 'డాన్' పరిశోధన ఇలా దక్కే మెదడు మిగిలి ఉన్నవాళ్లను ఎంచి, 6 నుంచి 24 గంటల మధ్య గడ్డ లాగింది. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు ఆ చికిత్స పొందినవారిలో 49 శాతం, పొందనివారిలో 13 శాతం. వైద్యశాస్త్రంలో ఇంత తేడా అరుదు. గడియారం ఒక్కదాన్నే చూసి చికిత్స నిర్ణయించే రోజులు పోయి, ఆ మనిషి మెదడును చూసి నిర్ణయించే రోజులు వచ్చాయి. కాకపోతే ఆ వసతి నగరాల్లోనే ఎక్కువ. ఏజెన్సీ మండలంలో పక్షవాతం వచ్చిన రైతుకు సీటీ యంత్రం ఎన్ని గంటల దూరంలో ఉందన్నదే ఇవాళ్టికీ అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

తీగను లోపలికి పంపి బాగుచేయవచ్చన్న ఆలోచన మెదడుతో మొదలు కాలేదు. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల వృద్ధురాలు కుళ్లుతున్న కాలితో ఆసుపత్రిలో ఉంది. కాలు తీసేయాలని సర్జన్లన్నారు, ఆమె ససేమిరా అంది. చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు మూసుకుపోయిన నాళంలోకి ఎక్స్‌రే చూపులో గొట్టాలు దూర్చి వెడల్పు చేశాడు. కాలు నిలిచింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా, తన చివరి రోజు దాకా ఆమె ఆ కాళ్లతోనే నడిచింది. 'పిచ్చి చార్లీ' అని వెక్కిరించినవాళ్లు తర్వాత ఆయన దారే పట్టారు. 1977 సెప్టెంబరులో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండె నాళంలో బెలూన్ ఊదాడు. అక్కడినుంచి స్టెంట్ దాకా వచ్చిన ప్రయాణం తెలుగిళ్లలో తెలియనివారు లేరు. ప్రతి బంధువర్గంలో ఒకరిద్దరు 'స్టెంట్ వేయించుకున్న' వాళ్లున్నారు.

ఇక్కడే బొమ్మకున్న మాయ కూడా బయటపడుతుంది. యాంజియోలో నాళం సన్నబడి కనిపిస్తే దాన్ని వెడల్పు చేయకుండా ఉండడం డాక్టరుకూ కష్టం, చూపించాక ఊరుకోవడం రోగికీ కష్టం. గుండెపోటు వచ్చిన గంటల్లో స్టెంట్ ప్రాణం నిలుపుతుంది, అందులో సందేహం లేదు. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గే స్థిరమైన గుండెనొప్పి సంగతి వేరు. 2007లో వెలువడిన 'కరేజ్' పరిశోధనలో అలాంటి 2,287 మందిని రెండు గుంపులు చేసి చూశారు. మంచి మందులకు తోడు స్టెంట్ కూడా వేసినవారిలో మరణాలు గానీ, గుండెపోట్లు గానీ తగ్గలేదు. 2009 నాటి 'ఫేమ్' పరిశోధన మరో అడుగు వేసింది. నాళం లోపలి ఒత్తిడిని కొలిచి, ప్రవాహాన్ని నిజంగా అడ్డుకుంటున్న చోట్లనే స్టెంట్ వేస్తే ఫలితం మెరుగ్గా ఉంది, స్టెంట్లూ తగ్గాయి. కంటికి ఎనభై శాతంగా కనిపించే బ్లాకు అన్నిసార్లూ అంత చెడ్డది కాదన్నమాట.

తెర చూస్తూ సూది నడిపే పని ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల స్థాయికీ వచ్చింది. కాలేయంలో పెద్ద చీముగడ్డ కట్టిన రోగికి ఒకప్పుడు పొట్ట కోయాల్సి వచ్చేది. నేడు అల్ట్రాసౌండ్ చూపులో సూది దించి, సన్నని గొట్టం వేసి చీము లాగేస్తారు, మందులు మిగతా పని చేస్తాయి. రొమ్ములో గడ్డ నుంచి ముక్క తీయడం, మూసుకుపోయిన పిత్తనాళానికి దారి చేయడం, కాలేయ కణితిని వేడితో మాడ్చడం ఈ కోవలోవే. పేపర్లకెక్కని పనులివి. కోత తప్పించిన లెక్క తీస్తే మాత్రం బహుశా వీటిదే పైచేయి.

క్యాన్సర్ వైద్యంలో పెట్ స్కాన్ చేసే పని మరో రకం. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను ఒంట్లోకి ఎక్కిస్తే, ఆకలిగొన్న క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుంటాయి. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగమైపోతుంది. తెల్లవారుజామున సైక్లోట్రాన్‌లో తయారైన మందు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే దారిలోనే కరిగిపోతున్నట్టు లెక్క. హాడ్‌కిన్ లింఫోమా రోగులకు నాలుగు మందులు కలిపి ఇస్తారు. వాటిలో బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. రెండు విడతల తర్వాత పెట్ స్కాన్ తీసి, శుభ్రంగా ఉన్నవాళ్లకు ఆ మందు ఆపేస్తే ఫలితం దాదాపు అలాగే ఉందని, ఊపిరితిత్తులు దక్కాయని 2016లో ప్రచురితమైన 'రాథల్' పరిశోధన తేల్చింది. ఇక్కడ బొమ్మ వైద్యాన్ని పెంచలేదు, తగ్గించింది. అలాంటి ఉదాహరణలు ఇంకా రావాలి.

తెలుగు నేలకు ఎక్స్‌రేతో ఉన్న పాత బంధం ఫ్లోరోసిస్ ద్వారా ఏర్పడింది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన మెడలు, గారపట్టిన పళ్లు ఉన్న జనాన్ని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో వర్ణించారు. అదే ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరోసిస్ మీద వచ్చిన మరో వ్యాసంలో రేడియాలజిస్టు బార్నార్డ్ భాగస్వామి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయన పేరిట రేడియాలజీ సంస్థ నేటికీ ఉంది. ఎక్స్‌రేల్లో వెన్నెముక సుద్దలా తెల్లబడి, ఎముకలను కలిపే స్నాయువులు కూడా రాయిలా మారి కనిపిస్తాయి. ముంజేతి రెండెముకల మధ్య ఉండే పలచని పొర ఎముకగా గట్టిపడడం ఈ జబ్బుకు గట్టి గుర్తు. బయటికి కీళ్లవాతంలా కనిపించే దాన్ని ఆ ఒక్క ముంజేతి బొమ్మ వేరుచేస్తుంది. వేరుచేశాక రోగికి ఇవ్వడానికి మందు లేదు. నిజమే. కానీ ఆ బొమ్మ ఊరి బావి నీళ్లలోని ఫ్లోరైడ్ వైపు వేలు చూపింది. 1970లలో నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. మర్రిగూడ లాంటి మండలాలకు నదీజలాల కోసం దశాబ్దాల పోరాటం సాగింది. చికిత్స అంటే మాత్ర మాత్రమే అనుకునేవారు ఈ కథను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

క్షయలోనూ పాత ఎక్స్‌రేకు మళ్లీ గౌరవం వచ్చింది. 2019–21 జాతీయ క్షయ సర్వేలో ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే 42.6 శాతం కేసులు తప్పిపోయేవని తేలింది. దగ్గు లేని క్షయ అంత ఉందన్నమాట. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల కార్యక్రమంలో చేతపట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు ఊళ్లకు వెళ్లాయి. ఎక్స్‌రేలో మచ్చ కనిపించినంత మాత్రాన క్షయ ఖాయం కాదు, తెమడలో జన్యుపరీక్ష చేయాలి. బొమ్మ అనుమానిస్తుంది, ల్యాబ్ నిర్ధారిస్తుంది.

ఇక తేలిపోయే ఘట్టాలు. నడుము నొప్పితో ఎమ్మారై తీయించుకోని నడివయసు ఉద్యోగి నగరాల్లో అరుదైపోతున్నాడు. రిపోర్టులో 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్' అని ఉంటుంది, ఆ మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకుంటారు. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగానికి పైగా మందిలో కనీసం ఒక డిస్క్ ఉబ్బి ఉంది. 2015లో అలాంటి పరిశోధనలన్నిటినీ కూడితే, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వాళ్లలో 37 శాతానికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతానికి డిస్కులు అరిగి కనిపించాయి. జుట్టు నెరవడం ఎంతో, డిస్క్ అరగడం అంతే. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, జ్వరమో క్యాన్సర్ చరిత్రో ఉన్నా ఎమ్మారై అత్యవసరం. ఉత్త నొప్పికి మొదటి వారాల్లో అది చెప్పే కొత్త విషయం దాదాపు ఉండదు.

దక్షిణ కొరియా అనుభవం ఇంకా ఘాటైనది. క్యాన్సర్ స్క్రీనింగ్‌కు వెళ్లినవాళ్లకు కొంచెం అదనపు డబ్బుతో మెడ అల్ట్రాసౌండ్ కూడా చేశారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంటే ఎన్నడూ ప్రాణం మీదికి రాని చిన్న గడ్డల కోసం వేలాదిమంది గ్రంథి తీయించుకుని, జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. 2014లో ఈ సంగతి బయటపడ్డాక ఏడాదిలోపే ఆపరేషన్లు మూడో వంతుకు పైగా తగ్గిపోయాయి. మన 'మాస్టర్ హెల్త్ చెకప్' ప్యాకేజీలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చదవవలసిన కథ ఇది.

అలాగని స్క్రీనింగ్ అంతా వ్యర్థమని కాదు. 53 వేల మందికి పైగా పాత, ప్రస్తుత పొగరాయుళ్లపై అమెరికాలో జరిపిన పరిశోధన 2011లో వెలువడింది. ఏటా తక్కువ మోతాదు సీటీ తీసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అందులోనే అనుమానాస్పదం అన్న బొమ్మల్లో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారిని ఎంచుకుని తీస్తే లాభం, అందరికీ తీస్తే భయం.

తెలుగు రాష్ట్రాలకు సొంతమైన ఒక గాయం గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అని వెళ్లిన ముప్పై అయిదేళ్ల కూలీ మహిళకు కడుపు స్కానింగ్ చేసి, 'సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సరవుతుంది' అంటే ఆమె ఎదురు ప్రశ్న వేయగలదా? ఫైబ్రాయిడ్ గడ్డలు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. మందులున్నాయి, గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళాన్ని తీగతో మూసేసే పద్ధతి 1990ల నుంచీ ఉంది. ఆ ఆపరేషన్లలో చాలావాటికి దోషం యంత్రానిది కాదు. బొమ్మను నిర్ణయానికి కాక, ఒప్పించడానికి వాడుకున్నవారిది.

అదే యంత్రం ఆడపిల్లల్ని పుట్టకముందే ఏరివేయడానికీ ఉపయోగపడింది. ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945, 2001లో 927. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం తెచ్చారు, 2003లో బిగించారు. ఆ చట్టం వల్లే ఇవాళ అల్ట్రాసౌండ్ యంత్రాన్ని నమోదు కాని చోటికి తీసుకెళ్లలేరు. యాక్సిడెంట్ కేసుల్లో, పల్లెల్లో పనికొచ్చే చేతి యంత్రాల వాడకానికి ఇది అడ్డమన్న డాక్టర్ల ఫిర్యాదులో నిజం ఉంది. అయినా ఈ దేశం ఆ షరతును తన చేతలతో తానే కొనితెచ్చుకుంది.

హాని విషయంలో జనం భయపడేది ఒకదానికి, భయపడాల్సింది మరోదానికి. ఎక్స్‌రే అంటే బెదిరేవాళ్లు కడుపు సీటీని లెక్కచేయరు. భూమ్మీద మనిషికి ప్రకృతి నుంచే ఏటా సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రే దానిలో కొన్ని రోజుల వాటా, కడుపు సీటీ మూడు నాలుగేళ్ల వాటా. అవసరమైనప్పుడు అది పెద్ద ధరేమీ కాదు. పిల్లలకు, పదేపదే తీసేవారికి మాత్రం లెక్క చూడాలి. కిడ్నీలో రాయి అని అనుమానమొస్తే ముందు అల్ట్రాసౌండ్ చేసినా రోగికి నష్టం లేదని 2014లో అమెరికా పరిశోధన ఒకటి చూపింది. ఎమ్మారైలో రేడియేషన్ లేదు గానీ, దాని అయస్కాంతానికి రాత్రీపగలూ సెలవు లేదు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు.

చాలాసార్లు రోగి ముఖం చూడని డాక్టరు రేడియాలజిస్టు. నిమ్స్ తొలి డైరెక్టరైన కాకర్ల సుబ్బారావు రేడియాలజిస్టే అయినా, ఆ శాఖ పేరు తెలుగువాళ్లకు ఇంకా 'స్కానింగ్ తీసేవాళ్లు' అనే అర్థంలోనే ఉంది. సీటీ, ఎమ్మారై తీసేది టెక్నీషియన్, చదివేది డాక్టరు. ఆ చదువు ఎంత బాగుంటుందన్నది పంపిన చీటీ మీద ఆధారపడుతుంది. చీటీలో 'సీటీ అబ్డామిన్' అని రెండు మాటలే ఉంటే, రిపోర్టు కూడా కనిపించిన ప్రతిదాన్నీ ఏకరువు పెడుతుంది. గ్రేడ్-1 ఫ్యాటీ లివర్, కిడ్నీలో చిన్న తిత్తి, ఎక్కడో ఒక గ్రంథి. 'మూడు రోజులుగా కుడివైపు కింద నొప్పి, జ్వరం, అపెండిక్సా?' అని రాస్తే జవాబు సూటిగా వస్తుంది.

రేడియాలజిస్టులకు ఇక శిక్షణ ఆపేయవచ్చని 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అన్నాడు. అలా జరగలేదు, కొరతే పెరిగింది. జరిగింది మరొకటి, ఇంకా ఉపయోగకరమైనది. స్వీడన్‌లో 80 వేల మంది మహిళల మామోగ్రామ్‌లపై జరిగిన పరిశోధనలో, ఏఐ తోడుంటే డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గిందని, క్యాన్సర్లు తక్కువేమీ దొరకలేదని 2023లో ప్రకటించారు. క్షయ ఎక్స్‌రేలను కంప్యూటర్ చదవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే ఆమోదించింది. రేడియాలజిస్టు లేని పల్లెలకు ఇది వరం. కానీ అనవసరంగా తీసిన బొమ్మను ఎంత తెలివైన యంత్రం చదివినా అది అవసరమైన బొమ్మగా మారదు.

డాక్టరు స్కాన్ రాసినప్పుడు "ఇందులో ఏం కనిపిస్తే నా వైద్యం ఎలా మారుతుందండీ?" అని అడగడం మర్యాద తప్పడం కాదు. మంచి డాక్టరు ఒక వాక్యంలో చెబుతారు. పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి. పోల్చి చూడడానికి పాత బొమ్మ ఉంటే కొత్తది తీయాల్సిన పని తప్పవచ్చు. గర్భం ఉన్నా, ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నా, గతంలో డై ఇంజెక్షన్ పడకపోయినా ముందే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా నాటువైద్యం, చెవుల్లో మందులు, రేపు చూద్దాం అనే మాటలు మానేసి, మొదలైన సమయం కాగితం మీద రాసుకుని, 108కి ఫోన్ చేసి, సీటీ యంత్రం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి.